గాజు బుడగెక్కిన అల్లుడు

వాచీల కొట్టు అల్లుడు నోరు విప్పాడంటే చేతిలో టీ చల్లారిపోయినా ఎవరూ గ్లాసు ఎత్తరు. ఆ సాయంత్రం టీ కొట్లో మాత్రం అతను సరదాకి విప్పలేదు, అవసరం కొద్దీ విప్పాడు. దూరదేశం నుంచి ఇద్దరు గాజు కళాకారులు, భార్యాభర్తలు, వచ్చి పాత గోదాములో కొలిమి పెట్టి పదిరోజులు పని నేర్పారు. ఇప్పుడు పక్క ఊళ్ళో ఇంకో మూడు నెలలు నేర్పుతారట, ఇతన్నీ రమ్మన్నారు. పోవాలంటే కొట్టు యజమాని సెలవివ్వాలి. ఆ యజమాని పిల్లనిచ్చిన మావగారు. ఆయన ఎదురు బల్ల మీద కూర్చుని టీ ఊదుకుంటూ, "ఇంతకీ ఏం నేర్చుకున్నావయ్యా అక్కడ?" అన్నారు. అంతే.

"పెద్ద గొప్పేం కాదు మావయ్యా," అని వినయంగానే మొదలెట్టాడు. "మొదటిరోజే ఆవిడ నా చేతికి గొట్టమిచ్చింది. నిలువెత్తు ఇనపగొట్టం. కొలిమిలో పెట్టి తీస్తే చివర ఎర్రటి గాజు ముద్ద, తేనెలా జారుతోంది. ఊదమంది, ఊదాను. నిమ్మకాయంత బుడగ! మిగతావాళ్ళకి వారం పడుతుందట, నాకు ఒక్క ఊపిరి పట్టింది."

"నిమ్మకాయంతేనా?" అన్నాడు దర్జీ.

"తొందరెందుకు బాబాయ్! నిమ్మకాయ కాస్తా బత్తాయైంది, బత్తాయి గుమ్మడికాయైంది, ఆవిడ చాలు చాలంటోంది, నాకేమో ఊపిరి అయిపోలేదు. చిన్నప్పట్నుంచీ మనకి ఊపిరి కాస్త ఎక్కువే కదా."

"అది వీధి వీధంతటికీ తెలుసు," అంది టీ కొట్టు అక్క.

"ఆ కొలిమి తలుపు తీసినప్పుడు చూడాలక్కా," అంటూండగా అతని గొంతు కాస్త తగ్గింది. "లోపల మంట ఉండదు. వెలుగే ఉంటుంది. ఇసక కరిగి నీళ్ళై, ఆ నీళ్ళే వెలుగుతున్నట్టుంటుంది. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది." అది కోత కాదు. అందుకే కాబోలు, చప్పున దాటేశాడు.

"సరే, రెండోరోజు ఆయనగారి దగ్గర మంట పని. బల్ల మీద బర్నరు, నీలం మంట. అందులో గాజు కడ్డీ కరిగించి తీగ లాగాలి. ఆయన జానెడు లాగాడు. నేను కొస పట్టుకుని వెనక్కి నడిచాను. గది దాటాను, గేటు దాటాను, బస్టాండు దాకా వెళ్ళాను, తెగితేగా! ఉండ చుట్టుకుని తిరిగొచ్చాను. నీ చేతికిస్తే చొక్కా కుట్టేవాడివి బాబాయ్."

"కుడితే లోపలంతా కనిపిస్తుంది కదయ్యా!"

"అందుకేగా ఇవ్వలేదు. మిగిలిన కడ్డీతో పిట్టని చేశా. రెక్కలెంత పల్చగా వచ్చాయంటే, ఎవరో ఫ్యాను వెయ్యగానే లేచి కిటికీలోంచి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చివరిరోజు! ఊదడం మొదలెట్టాను. బుడగ గోదామంతా నిండింది, పైకప్పు రేకులు లేచాయి, గొట్టం వదిల్తే పాపం ఆవిడ గాజు పగిలిపోదూ? వదల్లేదు. నేనూ లేచాను. కింద కరెంటు తీగలు, కింద మన వీధి. మేడ మీద మా ఆవిడ బట్టలారేస్తూ, 'భోజనానికి వస్తారా?' అంది. నోట్లో గొట్టం ఉంటే జవాబెలా చెప్పను? చెయ్యి ఊపాను. అలా పోతూ పోతూ ఉంటే బజారు గడియారం ఎదురైంది, ఐదు నిమిషాలు వెనక. చూస్తూ ఊరుకుంటే మావయ్య పరువేం కావాలి? కాలి బొటనవేలితో ముల్లు ముందుకి నెట్టి వచ్చాను."

బల్లలు కదిలిపోయేలా నవ్వారందరూ. మావగారు నవ్వలేదు.

"నాలుగోరోజు నువ్వు క్యారియర్ మర్చిపోయావు," అన్నారు. "నేనే పట్టుకొచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఊదింది ఆయన. రూపు దిద్దింది ఆవిడ. నువ్వు గొట్టం తిప్పుతున్నావు."

అల్లుడి ముఖం మాడిపోయింది. మూడు నెలలూ చేజారినట్టే అనుకున్నాడు. "పదిరోజులూ అదే పని మావయ్యా," అన్నాడు నేల చూస్తూ. "క్షణం ఆపితే గాజు ఓ పక్కకి జారిపోతుంది. ఊదడం నాకింకా ఇవ్వలేదు. నిమ్మకాయ కూడా నాది కాదు."

"గంటంపావు నిలబడ్డానయ్యా అక్కడ," అన్నారు మావగారు. ఎప్పుడూ లేనిది ఆయన గొంతు మెత్తబడింది. "నీ కళ్ళు ఆ గాజు మీంచి కదల్లేదు. పిలిచాను, వినపడలేదు. గంటంపావూ నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లనిచ్చి ఆరేళ్ళైంది, నా కొట్లో నిన్ను అలా ఎప్పుడూ చూడలేదు. క్యారియర్ గుమ్మంలో పెట్టి వచ్చేశాను. వెళ్ళు. సోమవారం నుంచే వెళ్ళు."

దర్జీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"బస్టాండు దాకా తీగ లాగానన్నాడు, సరే అన్నాను. బుడగెక్కి ఎగిరానన్నాడు, సరే అన్నాను. పెద్దవారు మీరు చెబుతున్నారు కాబట్టి ఊరుకుంటున్నా గానీ, గంటంపావు మాట్లాడకుండా ఉన్నాడంటే మాత్రం నేను నమ్మనండీ!"