ఒక్క పూటే అంటి

"అవ్వా, నువ్వు కాన్పులు చేసే నర్సువి కదా, సచ్చిపోయేవాళ్ళ దగ్గరికి ఎందుకు పోయేదానివి?"

ఎందుకంటే ఏం చెప్పేది పాపా. ఫోను దగ్గరగా పెట్టుకో, నా గొంతు పెద్దగా రాదు. ముందే చెబుతాండా, ఏది ముందు ఏది వెనక అంటే తప్పుతాను. నిన్న పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో మూడుసార్లు మీ అమ్మను అడిగినా. ఈ ఒక్క సంగతి మాత్రం మరిచిపోకముందే నీకు చెప్పేయాల.

డెబ్బైల చివర్లో అనుకో. ఆదోనిలో ట్రైనింగు అయినాక నన్ను యెమ్మిగనూరు పక్క ఒక పల్లెకు వేసినారు. మీ తాత బస్సు కండక్టరు, వారానికొకసారి వచ్చేవాడు. మీ నాయన నా కడుపులో ఉన్నాడు, ఆరో నెల... ఆరో, ఏడో. ట్రైనింగులో నేర్పిందంతా కాన్పులు, టీకాలు. మనిషి పోయేటప్పుడు ఏం చేయాల్నో ఒక్క ముక్క చెప్పలేదు. పల్లెలో ఎవరు వింటారు అవన్నీ? నర్సు అంటే నర్సే, నర్సమ్మా అని పిలిచేవాళ్ళు. పెద్దాస్పత్రిలో "ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్నారంటే, ఆ మనిషి భారం నా మీదనే పడేది. నా దగ్గర పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండె, అట్టలు కూడా లేవు దానికి. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఒక్కో మాట వెతుక్కుంటా చదివేదాన్ని. నోరు ఎట్ల తుడవాల, వీపున పుండ్లు పడకుండా పక్కకు ఎట్ల తిప్పాల, అన్నీ అట్ల నేర్చుకున్నవే.

ఆయన పేరు ఈరన్న. ఈరన్నేనా? ఉరుకుంద ఈరన్నసామి పేరు పెట్టుకోని ఇల్లు లేదు ఆ పక్క, పిలిస్తే వీధిలో సగం మంది తిరిగి చూస్తారు. నేసేటాయన. గొంతులో పుండు లేచి మాట పోయింది, మింగుడు పోయింది. ఇల్లంటే ఒకటే గది. గదిలో సగం మగ్గం గుంత, దాంట్లోకి కాళ్ళు దించి నేస్తారు, దాని పక్కనే ఆయన మంచం. పెళ్ళాం నరసమ్మ, కొడుకు రంగడు. నేను పోతే రంగడు మగ్గం నిలిపేవాడు. ఈయన చేత్తో ఇట్ల అనేవాడు, నిలపొద్దు, ఆడించు అని. ఆ సప్పుడు నిలిస్తే ఆయనకు దిగులు.

దినమూ పోయేదాన్ని. నొప్పికి మాత్రలు నూరి నాలిక మీద రాసేది తప్ప ఇంకేం లేదు నా చేతిలో. "గ్లాసుతో నీళ్ళు పోయొద్దు నరసమ్మా, ఊపిరి పోయే దోవలో పడతాయి" అంటే, "మొగుడు నీళ్ళడిగితే పోయనిదానికి నరకంలో కూడా గుక్కెడు పోయరు నర్సమ్మా" అనేది. మెల్లగా దోవకొచ్చింది. తడిగుడ్డ పెదాల మీద అద్దేది నాకన్నా మెత్తగా.

ఒకదినం అయ్యవారు పంచాంగం చూసి, ఈ రాత్రినుంచే చెడ్డ నక్షత్రాలు, ఐదు దినాలు అని చెప్పినాడంట. నీకు తెలీదులే ఇవి. ఆ దినాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాల. తలుపు మూసి, ముళ్ళకంప అడ్డం వేసి పోవాల. బయట పోతే ఇంటికి ఆ దోషం లేదు. ఇల్లు మూస్తే మగ్గం మూసినట్లే. గుంతమగ్గాన్ని భుజాన వేసుకొని పోలేరు కదా. వాళ్ళ కూడు ఆ గుంతలోనే.

నేను పోయేటప్పటికి రంగడు లోపల మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. "నర్సమ్మా, నువ్వు శానామందిని సూసినావు గదా. ఈ ఐదు దినాలు దాటతాడా, దాటడా? నిజం సెప్పు."

చూసినా. ఊపిరి నిలిచిపోతాండాది, మళ్ళా వస్తాండాది. కాళ్ళు చల్లగా ఉన్నాయి. పుస్తకంలో ఇట్లనే ఉండె. ఆ వయసులో నాకు తెలీదు అని చెప్పేకి సిగ్గు పాపా. తెలీదంటే ఇదేం నర్సు అంటారేమో అని భయం. మంచం పక్కన నిలబడే అంటి, "ఒక్క పూటే. రాత్రి దాటడు" అని.

అంతే. నలుగురొచ్చి ఎత్తి, బయట అరుగు పక్కన చాప మీద పడుకోబెట్టినారు. పైన ఒక దుప్పటి కట్టినారు.

మరుసటి దినం పొద్దున పోతే ఆయన ఉన్నాడు. కండ్లు తెరిచి నన్నే చూసినాడు. చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించినాడు. నీళ్ళేమో అని గుడ్డ అద్దినా. కాదు. మళ్ళా ఒక వేలు, తర్వాత రెండో వేలు. విన్నాడు. మంచం పక్కన నేనన్నది విన్నాడు. ఒక్క పూట అంటివి కదా, రెండోది నడుస్తాంది అని నాకే చెబుతాండాడు.

మార్గశిరం అది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ దుప్పటి పక్కనుంచి మొహాన కొట్టేది. దోవన పోయేవాళ్ళు నిలబడి, "ఇంకా ఉండాడా?" అనేవాళ్ళు. ఒక ముసలాయన, "ఏమప్పా ఈరన్నా, నీ బస్సు ఇంకా రాలేదా?" అన్నాడు. నవ్వినారు కూడా. నోరు లేని మనిషి. కండ్లలో నీళ్ళు పక్కలకు కారి చెవుల్లోకి పోతాండాయి.

అంత భయం నేను కష్టమైన కాన్పుల్లో కూడా పడలేదు. కడుపులో మీ నాయన కదలడం నిలిచిపోయినట్లే అనిపించింది. అప్పుడు మా చెల్లెలు, మీ చిన్నవ్వ, నాకు తోడుగా ఉండె. "ఆ దిక్కు పోవద్దక్కా, ఆయన ఉసురు తగుల్తాది" అని ఏడ్చింది. పోకుంటే ఎట్ల? నా మాటతోనే కదా ఆయన బయట మట్టిలోకి వచ్చింది.

మధ్యాహ్నం రంగణ్ణి పిలిచినా. "రంగా, నేను తెలిసి చెప్పలేదు. అది ఎవరికీ తెలీదు. తప్పు నాది. మీ నాయన్ని లోపలికి తీసుకుపో."

"ఇప్పుడెట్ల? సెడ్డ దినాలు వచ్చేసినాయి. లోపల పోయినాడంటే మగ్గం గతేమి? నెల కాగానే నీ జీతం నీకొస్తాది నర్సమ్మా. మాకేమొస్తాది?"

వాడన్నది నిజమే. "అయితే నా గదికి తెండి. నా గదే పాడుపెట్టుకుంటా" అన్నా. కడుపుతో ఉన్నదాన్ని, బాడుగ గది, ఇంటామె ఏమంటాదో, మీ తాత ఏమంటాడో. ఆ మాట వెనక్కి తీసుకుందామా అనిపించింది, నీ దగ్గర దాచేదేముంది.

నరసమ్మ లేచి దగ్గరికొచ్చింది. నా కడుపు దిక్కు చూసింది. "కడుపుతో ఉండే పిల్ల ఇంటికి నా మొగుణ్ణి పంపి, నేను మగ్గానికి కాపలా కాయాల్నా? రేయ్ రంగా, నీకు నేత నేర్పింది ఎవడ్రా? కాళ్ళు పట్టుకో."

వాడు కదల్లేదు. ఆమె ఒక్కతే చాప కొస పట్టుకొని లాగింది. చాప జానెడు కూడా జరగలేదు. మళ్ళా లాగింది. అప్పుడు వచ్చినాడు వాడు, ఏడ్చుకుంటా. నేను భుజాలు పట్టుకోబోతే నరసమ్మ తిట్టింది, "నీకేమన్నా బుద్ధుందా? బరువెత్తొద్దు. తల కింద చెయ్యి పెట్టు, సాలు" అని.

మంచం మీదికి చేర్చినాక, రంగడు ఏమనుకున్నాడో ఏమో, గుంతలోకి దిగి మగ్గం ఆడించినాడు. ఈరన్న నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఉండె, ఆ పట్టు మెల్లగా వదులైంది. నిద్రపోయినాడు.

ఎన్ని దినాలు ఉన్నాడు? రెండా, మూడా? చెడ్డ దినాల్లోనే పోయినాడు, అది మాత్రం ఖాయం. తలుపుకు ముళ్ళకంప వేసింది నా కండ్లతో చూసినా. ఆరునెలలు వాళ్ళు ఎవరిదో పశువుల కొట్టంలో ఉండి, రంగడు వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేసినాడు. నన్ను చూస్తే మొహం తిప్పుకొని పోయేవాడు. వాడి తప్పేముంది. నరసమ్మ మాత్రం మీ నాయన పుట్టినాక ఎదురైతే దూరంగానే నిలబడి, "బిడ్డ బాగుండాడా?" అని అడిగేది.

తర్వాత ఎన్ని ఇండ్లకు పోయినానో. ఆలూరు పక్క పోయినా, హొళగుంద పక్క కన్నడమోళ్ళ ఇండ్లకు పోయినా. "యావాగ?" అని వాళ్ళడిగినా, ఎప్పుడు అని మనవాళ్ళు అడిగినా, "నాకు తెలీదు. ఆయనకు వినబడతాది, బయటికి రాండి" అనేదాన్ని.

సచ్చిపోయేదానికి నాకూ భయమే పాపా. దానికన్నా పెద్ద భయం ఇంకోటుంది. రేపు నేను మంచం మీద ఉంటాను, మీ పేర్లు కూడా పోయింటాయి. ముసలామెకు ఏం తెలుస్తాదిలే అని నా తలాపున నిలబడి ఏమేమో అంటారు. తెలీకపోయినా వినబడతాది. నువ్వు నర్సు చదువుతాండావు కదా, అట్ల మాట్లాడేవాళ్ళను బయటికి పిలుచుకొని పో. నీ చెయ్యి చల్లగుండాల తల్లీ, నువ్వు ముట్టుకున్నోళ్ళకు నొప్పి తగ్గాల.

ఇంకొకటి. చిన్నవ్వకు ఫోను చేసి పేర్లు అడుగు. ఈరన్నేనా, లక్ష్మన్ననా? ఆమె పేరు నరసమ్మే, దాంట్లో అనుమానం లేదు... అదీ అడుగు.