రేపటి కాగితం

(వంటింట్లో ఇద్దరు: ఇళ్ళకు అటెండెంట్లను పంపే ఏజెన్సీ యజమాని, అతని దగ్గర పనిచేసే అమ్మాయి. పక్క గదిలో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయన, ఆయన భార్య. మధ్య తలుపు చేరవేసి ఉంది.)

“రెండు వీల్‌చైర్లు, ఒక బీపీ మిషను, తలుపు ఊడిన పాత వ్యాను. మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నది అంతే. ఇవాళ నలభై ఇళ్ళు. ఆ నలభై ఇళ్ళకీ నీ ఒక్క చెయ్యి నిప్పు పెట్టింది. ఎందుకు కొట్టావ్?”

“నేను కొట్టలేదు సార్.”

“పెద్దాయన ముక్కు పగిలింది. రెండు పళ్ళు దిండు మీద ఉన్నాయి. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయనకి చెయ్యి లేవదు, నోరు పెగలదు. మరి దెబ్బలు ఆకాశంలోంచి రాలాయా?”

“లేదు సార్.”

“నీ పెదవేంటి, అలా చీలింది?”

“కొడుకుగారు కొట్టారు. మొదట చేత్తో, తర్వాత బెల్టుతో. వీపు చూపించమంటారా?”

“వద్దొద్దు. పెద్దావిడ చూస్తూ ఊరుకున్నారా?”

“చూశారు. ‘అచ్చం వాళ్ళ నాన్న చెయ్యే’ అన్నారు. ఇంకేం అనలేదు.”

“అతనెక్కడ?”

“స్టేషనుకి వెళ్ళారు. నన్ను లోపలేయించందే పచ్చి మంచినీళ్ళు ముట్టనన్నారు.”

“వాళ్ళొచ్చేలోగా నాకు నిజం కావాలి. నేను వ్యాపారస్తుణ్ణి, నీతులు చెప్పను. కొట్టి ఉంటే కొట్టానను, ఎంతలో తేలుతుందో చూస్తా. కొట్టకపోతే రుజువు చూపించు.”

“రుజువు మీ ఆఫీసులోనే ఉంది. వారం వారం పంపుతూనే ఉన్నాను.”

“ఏం పంపావ్?”

“బొమ్మ కాగితాలు. స్నానం చేయించేటప్పుడు ఒంటిమీద ఏ దెబ్బ కనిపించినా, కాగితంలో మనిషి బొమ్మ మీద ఇంటూ పెట్టమని ట్రైనింగులో మీరే చెప్పారుగా. కింద ఇంట్లోవాళ్ళ సంతకం, సూపర్‌వైజర్ సంతకం.”

“చెప్పాను. అలాంటి పద్ధతి ఇంకే ఏజెన్సీలోనూ లేదు. ఫైలు తే.”

“ఇదిగోండి, ఈ నెలది.”

“మూడో తారీఖు, కుడి మోచెయ్యి కమిలింది. ఐదు, ఎడమ చెవిలోంచి రక్తం. ఎనిమిది, పాదం మీద కాలిన… కాలిన మచ్చా? ఇన్ని ఇంటూలుంటే సూపర్‌వైజర్ ఏం చేస్తున్నాడు?”

“సంతకం.”

“జోకులొద్దు.”

“జోకు కాదు సార్. ‘అన్నీ బాగున్నాయి’ అని ముద్ర కూడా కొట్టాడు. చూడండి, సరిగ్గా చెవి మీదే పడింది.”

“ఫోను చెయ్యొచ్చుగా?”

“రెండుసార్లు చేశాను. ‘ఇంట్లోవాళ్ళ మీద ఒక్క ముక్క రాయకు, అనకు, ఇల్లు చేజారిపోతుంది, ఓనరుగారి రూలు’ అన్నాడు. మీ రూలేనా సార్?”

“…నాదే. అది వేరే సంగతి. ఇంట్లోవాళ్ళంటే ఎవరు? కొడుకా?”

“ఆయన నెలకోసారి వస్తారు. ఇవాళ వచ్చారు, చూశారు, నన్ను కొట్టారు.”

“అంటే… ఆవిడా? ఇందాక నాకు మంచినీళ్ళిచ్చిన ఆవిడా? గ్లాసు పట్టుకుంటేనే చెయ్యి వణుకుతోందే!”

“గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది సార్. కర్ర పట్టుకుంటే వణకదు.”

“మెల్లిగా! వింటారు.”

“ఎప్పుడూ వింటూనే ఉంటారు లెండి. ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి పెద్దాయన కొట్టిన ప్రతి దెబ్బా తారీఖు వేసి రాసుకున్నారు. ఏ తారీఖున తిన్నది ఆ తారీఖునే తిరిగిస్తున్నారు. ఎప్పుడో ఎనిమిదో తారీఖున ఆయన ఆవిడ పాదం కాల్చాడట. మొన్న ఎనిమిదినే ఇస్త్రీపెట్టె వేడి చేశారు. అడ్డుపడితే నా వేళ్ళు చితక్కొట్టి, లోపల గడియ పెట్టుకున్నారు.”

“కొడుక్కి తెలీదా?”

“ఆవిడ దెబ్బలు తినడం చూడకూడదనే చిన్నప్పుడే హాస్టల్లో వేశారట. ఆయనకి తండ్రంటే దేవుడు.”

“మరి నువ్వు మానెయ్యలేకపోయావా?”

“నా తర్వాత వచ్చే మనిషి ఆ ఇంటూలైనా పెడుతుందో లేదో.”

“ఆగాగు. ఇదేంటి? ఇవాళ పదకొండు. ఇది పన్నెండు, రేపటి కాగితం. ముందే నింపేశావా? దొరికావమ్మా! తీరిగ్గా కూర్చుని దొంగ అంకెలు వేసుకుంటూ నాకు కథలు చెబుతున్నావా?”

“చదవండి.”

“బొమ్మ మీద ఒక్క ఇంటూ లేదు. బీపీ, సున్నా. నాడి, సున్నా. ఏం రాత ఇది? మతి పోయిందా?”

“సోమవారమే దీని నకలు ఆఫీసుకి పంపాను. బతికున్న మనిషికి నాలుగు రోజుల ముందే నాడి సున్నా అని రాస్తే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారనుకున్నా. ఇంట్లోవాళ్ళ గురించి రాయకూడదు, అంకెలు రాయొచ్చుగా. దాని మీదా ముద్ర కొట్టి తిప్పి పంపారు.”

“అన్నీ బాగున్నాయనా?”

“అన్నీ బాగున్నాయని.”

“రేపేంటి?”

“ఆవిడ ఏడో నెల కడుపుతో ఉండగా ఆయన తన్నిన రోజు. ఆడపిల్ల పుట్టిందట, ఏడవలేదట. ఆ పేజీలో దెబ్బ అని రాసుకోలేదు సార్. ‘ఒక ప్రాణం’ అని రాసుకున్నారు.”

“…వ్యాను బయటే ఉంది. స్ట్రెచర్ తే. ముందు ఆయన్ని ఆస్పత్రిలో పడేద్దాం. ఇళ్ళు పోతే పోనీ, నలభైకి నలభై పోనీ. పద, పద!”

“సార్, తలుపు తీస్తున్నారు.”

“అమ్మా, కాస్త పక్కకి జరగండి. ఆయన్ని తీసుకెళ్తున్నాం.”

“తీసుకెళ్ళు నాయనా, నేనెందుకు అడ్డం? ఇందాకట్నుంచీ అరుస్తున్నావు, గొంతు తడుపుకో ముందు.”

“మీ చేతిలో ఆ దిండేంటి?”

“రక్తం మరకలు. ఉతకాలి.”

“ఈ వయసులో ఇదంతా చేసి ఏం మిగిలిందమ్మా మీకు?”

“నువ్వు రెండు వీల్‌చైర్లతో మొదలుపెట్టానన్నావు, విన్నాను. నేను రెండు చేతులు, నోటినిండా పళ్ళు, కడుపులో ఒక పిల్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు పళ్ళు లేవు, ఒక చెయ్యి పైకి లేవదు, పిల్ల లేదు. మిగిలింది ఒక బుక్కు. అందులో రాయడానికి ఇక ఏమీ లేదు.”

“రేపటిది ఉంది కదా పెద్దమ్మగారూ!”

“మీ సార్ మూడో తారీఖు, ఐదో తారీఖు అని పైకి చదువుతున్నాడు చూడు, అప్పుడే అర్థమైంది, ఇక ఆయన్ని ఇక్కడ ఉండనివ్వరని. పిల్లా, ఆ కాగితం మీద పన్నెండు కొట్టేసి పదకొండు వెయ్యి. మిగతాదంతా సరిగ్గానే రాశావు. పోలీసులు వచ్చేలోగా ఇలా ఇవ్వు, ఇంట్లోవాళ్ళ సంతకం నేను పెడతాను.”