ఇంట్లో పడుకుని వేసిన గోలు

బస్సు డిపో క్యాంటీన్‌లో మేస్త్రీ బల్ల మీద అరచెయ్యి ఆనించి, కుడికాలు ముందుకు చాపి, మెల్లగా కుర్చీలోకి జారాడు. రోజూ రిపేరుకొచ్చిన బస్సుల కింద గుంతలోకి దిగీ ఎక్కీ ఆ మోకాలు మొండికేస్తోంది. డిపో ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌ని వేస్తున్నారని, కోచ్‌కి సీజనంతా గుంత డ్యూటీ ఉండదని పొద్దుటే తెలిసింది. కోచ్‌ని ఎంచే మేనేజరు గారు ఇప్పుడు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. ఇంతకు మించిన అదను దొరుకుతుందా?

"మూడో డివిజన్ లీగ్‌లో ఆడే రోజుల్లో ఒక గోలు వేశాను సార్," అని వినయంగా మొదలెట్టాడు.

అంతవరకూ నిజమే. మేస్త్రీ డబ్బులు తీసుకుని ఆడింది ఒక్క సీజను, అందులోనూ మూడే మ్యాచ్‌లు. ఎవడో తన్నిన బంతి ఇతని వీపుకి తగిలి గోల్లోకి దూరింది. మూడో మ్యాచ్‌లో మోకాలు మెలికపడింది, ఆటకి అక్కడితో ఫుల్‌స్టాప్ పడింది. కానీ మేనేజరు గారు "ఓహో" అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. వినేవాడు అంత దగ్గరికొస్తే నాలుక ఊరుకుంటుందా?

"అలాంటిలాంటి గోలు కాదు సార్. సగం గ్రౌండ్ నుంచి కొట్టానా, వల చించుకుని, గోడ దాటుకుని, టవర్ గడియారానికి తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముల్లు ఇరవై నిమిషాలు వెనక్కి తిరిగింది. రిఫరీకి ఆ గడియారమే ఆధారం. ఇంకా టైముందని మళ్లీ ఆడించాడు. ఆ ఇరవై నిమిషాల్లో ఇంకో పద్నాలుగు వేశాను."

"అంటే నిమిషన్నరకి ఒకటి కంటే ఎక్కువే బావా," అన్నాడు కండక్టరు. మేస్త్రీ భార్యకి తమ్ముడు, టిక్కెట్లు కొట్టీ కొట్టీ లెక్కలు నాలుక చివర పెట్టుకున్నవాడు. "బంతిని వల్లోంచి తీసి మధ్యకి తేవడానికే ఆ టైము చాలదు."

"అందుకే తియ్యలేదురా. పడినవి పడినచోటే వదిలేసి కొత్తవి తెచ్చుకున్నాం. ఆఖరికి లోపల చోటు లేక గోల్‌కీపరే బయటికొచ్చి నిలబడ్డాడు."

మేనేజరు గారు నవ్వాపుకోలేక గ్లాసు కింద పెట్టారు. పక్క బల్లలవాళ్లు కూడా కుర్చీలు లాక్కుని వచ్చారు. ఇక మేస్త్రీకి పగ్గాల్లేవు.

"చివరి బంతి మాత్రం పైకి తన్నాను. పోయింది, పోయింది, చుక్కై పోయింది, అదీ కనబడలేదు. రిఫరీ మెడ నొప్పెట్టేదాకా చూసి ఇంటికెళ్లిపోయాడు. మరుసటి సీజన్లో మా జట్టు ఇంకో ఊళ్లో ఆడుతుంటే ఆ బంతి దిగొచ్చి నేరుగా గోల్లో పడింది. ఆ రోజు నేను జ్వరమొచ్చి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. అయినా గోలు నా పేరు మీదే వేశారు."

"ఆఫ్‌సైడ్ కాదా బావా?"

"ఇంట్లో ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ ఏంట్రా? మా వంటింటికీ వాళ్ల గోలుకీ మధ్య ఎంతమంది డిఫెండర్లున్నారో నువ్వే లెక్కేసుకో."

"మరి అంత ఆటని ఎందుకు వదిలేశావు మేస్త్రీ?" అని అడిగారు మేనేజరు గారు.

మోకాలు పోయింది సార్, అంటే సరిపోయేది. మాట పెదాల దాకా వచ్చింది కూడా. కానీ ఇంతమంది నోళ్లు తెరుచుకుని చూస్తుంటే కుంటి మోకాలిని ఎలా బయటపెడతాడు?

"జాలిపడి వదిలేశాను సార్. గోల్‌కీపర్లంతా కట్టగట్టుకుని మా ఇంటికొచ్చి, 'అన్నా, మాకూ పిల్లాపాపా ఉన్నారు' అన్నారు. కాదనలేకపోయాను. లేకపోతే నా కాలికేం, ఇప్పటికీ ఉక్కు."

మేనేజరు గారు మూతి తుడుచుకున్నారు. "ఆట తెలిసి, దెబ్బ తిని, గట్టున కూర్చుని కుర్రాళ్లకి నాలుగు మాటలు చెప్పేవాడు కోచ్‌గా చాలనుకున్నాను. నిజానికి నీ పేరే అనుకున్నా. కానీ ఇంత ఉక్కు కాలుని గట్టున కూర్చోబెడితే జట్టుకి నష్టం కదా. ఆదివారం మ్యాచ్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దిగేది నువ్వే."

మేస్త్రీ చెయ్యి మోకాలి మీదికి పోయింది. "సార్, అదీ... మోకాలు కాస్త..."

"గొప్పవాళ్లంతా ఇలాగే తగ్గించి చెప్పుకుంటారు," అన్నారు మేనేజరు గారు, నవ్వకుండా. తర్వాత కండక్టరు వైపు తిరిగారు. "నీకు ఆట వచ్చా?"

"బంతి తన్నడం రాదు సార్. లెక్క తప్పితే మాత్రం ఊరుకోను."

"మీ బావకి అలాంటి కోచే కావాలి."

కండక్టరు లేచి బావ భుజం మీద చెయ్యేశాడు. "తెల్లారేసరికి గ్రౌండ్‌కి వచ్చెయ్ బావా, ముందు పది రౌండ్లు. నిన్ను లేపమని అక్కకి నేను చెప్తాలే."