దర్జీల వీధికి ఇచ్చిన షీల్డు

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జులై ఒకటో తేదీన మా విద్యుత్ పంపిణీ కార్యాలయంలో జూనియర్ ఇంజనీరుగా అడుగుపెట్టి, నేడు ముఖ్య ప్రణాళికాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న మా అంచనాల మేడం గారి గురించి నాలుగు మాటలు రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను కోరారు. నేను కొనుగోళ్ల విభాగం వాణ్ణి, పైగా వర్తకుల ఇంట పుట్టినవాణ్ణి. ఏ మనిషి జీవితాన్నైనా వచ్చిందెంత, పోయిందెంత అని తూచి చూడటం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఈ సంగతి తెలిసే కాబోలు, మేడం గారు నాకొక షరతు పెట్టారు.

"దర్జీల వీధి సంగతి రాస్తేనే నా గురించి రాయండి. అది దాచి పొగిడారంటే కల్తీ సరుకు అమ్మినట్టే."

వర్తకుడితో వర్తకుడి భాషలోనే మాట్లాడితే ఇక కాదనడానికేముంది? ఒప్పుకున్నాను. అందుచేత ఈ అభినందన వ్యాసంలో అభినందన కొంచెం తక్కువగానూ, సిగ్గు కొంచెం ఎక్కువగానూ ఉంటే పాఠకులు మన్నించాలి.

తొలి ఏళ్లు ఆమె సబ్‌స్టేషన్‌లో పనిచేశారు. ఆ తరువాత ప్రణాళికా విభాగానికి వచ్చారు. రాబోయే ఏళ్లలో ఏ పేటకు ఎంత కరెంటు కావాలో ముందుగా లెక్కగట్టడం ఆ విభాగం పని. ఎక్కువ చెబితే కొన్న ట్రాన్స్‌ఫార్మర్ తిండి దండగ అల్లుడిలా ఊరికే కూర్చుంటుంది. తక్కువ చెబితే మొదటి వేసవికే కాలిపోతుంది. ఆమె రాక పూర్వం ఊరంతటికీ ఒక అంకె వేసి, పేటలకు పంచేసేవారు. ఒక్కో పేటకు ఒక్కో ఆకలి ఉంటుందని మొదట వాదించినది ఆమే. కొత్తగా లేస్తున్న మేడలు, గోడలకు వేలాడే ఏసీలు, తెరుచుకున్న వెల్డింగ్ షాపులు, బోరు మోటార్లు, అన్నిటినీ వీధి వీధికీ విడివిడిగా లెక్కలోకి తెచ్చారు. "మా ఆవిడ చుట్టాలింటికి వెళితే ముందు ఏసీలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే కుశలం అడుగుతుంది" అని ఆమె భర్తగారు ఎన్నోసార్లు మాతో వాపోయారు.

ఆ లెక్కలు ఫలించాయి. ఆసుపత్రి పేటలో వేసవి గండం తప్పింది. మార్కెట్ వీధిలో కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు దాదాపు లేకుండా పోయాయి. మేడం గారు సంతకం పెట్టారంటే నేను మారు మాట లేకుండా కొనేవాణ్ణి. గిరాకీని ముందే పసిగట్టే మనిషి దొరకడం కంటే వ్యాపారికి వేరే అదృష్టం ఏముంటుంది?

ఆ మంచి రోజుల్లోనే దర్జీల వీధి మా కంట పడింది. లైను చిట్టచివర ఉన్న ఇరుకు వీధి అది. అన్ని పేటల వాడకం సాయంత్రానికి కొండెక్కి కూర్చుంటే, ఆ వీధి వాడకం మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా పీట చెక్కలా సమంగా ఉండేది. అంత పొదుపైన జనం ఊళ్లో లేరని మేడం గారు నివేదికలో మెచ్చుకున్నారు. వీరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అవసరం రాదని అంచనా వేశారు. పై అధికారులకు ఉత్సాహం వచ్చింది. ఆదర్శ వినియోగదారుల వీధిగా ప్రకటించి షీల్డు ఇద్దామన్నారు. ఆ షీల్డు కొన్నది నేనే. బరువైనది, మెరుపు పోనిది చూసి మరీ కొన్నాను.

సభ ఆ వీధిలోనే, మధ్యాహ్నం పూట జరిగింది. షీల్డు అందుకోవడానికి వీధి పెద్దగా బడ్డీ కొట్టు ముసలమ్మను నిలబెట్టారు. మేడం గారు ఆమె చేతిలో షీల్డు పెట్టి, మైకులో పొదుపు గురించి మాట్లాడుతున్నారు. ఇంతలో ఎవరో ఇనుప గేటు మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టారు. మైకు టక్కున ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నారు మేడం గారు.

"ఏం కాలేదు తల్లీ. మీ మైకు వంతు అయిపోయింది. రెండు దెబ్బలంటే పిండి మర వంతు" అంది ముసలమ్మ, షీల్డును చంటిపిల్లలా చంకనేసుకుని.

"వంతేమిటమ్మా?"

"మరి? మర తిరిగితే ఇస్త్రీ పెట్టెలు తీసేయాలి. ఇస్త్రీ పెడితే ఫ్యాన్లు ఆపాలి. అన్నీ ఒక్కసారి వేస్తే ఫీజు ఎగిరిపోద్ది. మీ వాళ్లు వచ్చేదాకా చీకట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే."

వెనక నుంచి ఒక దర్జీ అందుకున్నాడు. "మొహాలు కూడా కనపడవులే పిన్నీ! మీటరు మాత్రం బాగా కనపడుద్ది వీళ్లకి."

అందరూ నవ్వారు. మేడం గారు నవ్వలేదు. "మరి ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే?" అని మెల్లగా అడిగారు.

"మా ఆయనకి ఆవిరి మిషను పెట్టాలి. ఆయన వంతు మధ్యాహ్నం మర ఆగాక" అంది ముసలమ్మ. షీల్డు చంక మార్చుకుని, "దగ్గు వంతు చూసుకుని రాదు కదా తల్లీ" అంది.

ఆ షీల్డు వెనక్కి ఇచ్చేయమని మేడం గారు చేయి చాచారు. ముసలమ్మ ఇవ్వలేదు. "ఉండనీ. మా వీధిలో అందరి ఫ్యాన్లూ ఒక్కసారి తిరిగిన రోజున నేనే తెచ్చిస్తాను."

తిరుగు దారిలో జీపులో ఆమె ఒక్క మాటే అన్నారు: "వాడలేదంటే అక్కర్లేదనుకున్నాను." ఆ పక్కనే కూర్చున్న నేను తల వంచుకున్నాను. లేని సరుకును జనం రెండోసారి అడగరు. అడగలేదు కదా అని అక్కర్లేదనుకునే కొట్టు ఎన్నాళ్లో నిలవదు. మా ఇళ్లలో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంత పెద్ద కార్యాలయంలో ఒక్కరికీ తోచలేదు.

తన అంచనా తప్పని ఆమె లిఖితపూర్వకంగా పై అధికారికి నివేదించారు. 'సవరించిన అంచనా' అని రాస్తే చాలు కదా అన్నారాయన. "అలా రాస్తే నిన్నటిది కూడా బాగానే ఉందన్నట్టుంటుంది సార్. నిన్నటిది తప్పు" అన్నారామె. ఆ ఏడాది రావలసిన పదోన్నతి రాలేదు. ట్రాన్స్‌ఫార్మరూ రాలేదు. ఉన్నదాని లోడు నిండితే తప్ప కొత్తది ఇవ్వరాదని నిబంధన. నిండనివ్వకుండా వంతులు వేసుకున్నది ఆ వీధి.

మరుసటి వేసవిలో ఆమె పట్టుబట్టి, అత్యవసరాలకు వాడే చక్రాల ట్రాన్స్‌ఫార్మర్‌ను కొన్నాళ్లు అక్కడ పెట్టించారు. వీధి వాడకం చూస్తుండగానే రెట్టింపు దాటింది. రుజువు దొరికింది. కానీ గడువు తీరగానే బండి వెనక్కి తెచ్చేయాల్సి వచ్చింది. ఆ రోజు ఆమె స్వయంగా వెళ్లి నిలబడ్డారు. "నోటి దగ్గరి ముద్ద లాక్కుపోతున్నారు కదమ్మా" అని ముసలమ్మ ఆమెతో అందట. షీల్డు ఇచ్చిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ సిగ్గుపడ్డానని ఆమె నాతో అన్నారు.

ఆ రుజువుతోనే, ఏళ్లు పట్టినా, నిబంధన మారింది. ఇప్పుడు మా కార్యాలయంలో వాడకం తక్కువగా కనబడిన ప్రతి పేటకూ ముందు మనిషి వెళ్లి చూసి రావాలి. ఎందరో ఈ పద్ధతిని ఆమె కీర్తి అంటారు. ఆమె మాత్రం బాకీ అంటారు.

దర్జీల వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఈ వేసవి మొదట్లో వచ్చింది. స్విచ్ వేసిన సాయంత్రం అక్కడి లోడు మేడం గారి తాజా అంచనాను కూడా దాటిపోయింది. "మళ్లీ తక్కువే వేశాను చూశారా!" అని ఆమె నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే, ఆ వీధి పేరు ఎత్తి నవ్వడం ఆనాడే మొదటిసారి చూశాను.

నిన్న ముసలమ్మ ఆఫీసుకు వచ్చింది. చంకలో షీల్డు. మెరుపు పోలేదు. ఆవిడ భర్త ఈ వెలుగు చూడకుండానే మూడేళ్ల కిందట పోయాడని మాకు అప్పుడే తెలిసింది. మేడం గారు షీల్డు అందుకుని, చాలాసేపు ఆవిడ చేయి వదల్లేదు. వీడ్కోలు సభలో బల్ల మీద వేరే జ్ఞాపిక వద్దని, అదొక్కటే ఉంచమని మాకు ఆజ్ఞ అయింది. అలాగే ఉంచుతున్నాం.

మేడం గారు భర్తగారితో, పిల్లలతో, మనవలతో ఆరోగ్యంగా, నిశ్చింతగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మా కార్యాలయమంతా మనసారా కోరుకుంటోంది. అయితే ఆ ఆయుష్షును లెక్కగట్టే పని మాత్రం ఆమెకు అప్పగించం. తక్కువ వేస్తారు.