అట్ట పడవ

చుట్టాలంతా కలిసి చందాలతో తీస్తున్న యుద్ధకాలపు గూఢచారి సినిమా అది. దీవి ఒడ్డున దర్శకుడూ, సెట్లు చేసే అతని అక్కా గుసగుసలాడుకుంటున్నారు.

"అక్కా, గూఢచారి పారిపోవాల్సిన పడవేంటి, నీళ్లలో పెట్టగానే మెత్తబడిపోతోంది?"

"అది అట్టదిరా. తగలబెట్టే సీను కోసం చేశాను."

"మరి నిన్న మనం తగలబెట్టింది?"

"ఓరి దేవుడా! బాబాయి పడవ!"

"నవ్వకక్కా! ఆయనకి తెలిసిపోయిందా?"

"ఎక్కడ! 'అచ్చం నా పడవలాగే చేశావే తల్లీ' అని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు."

"శత్రు సేనాని వేషంలో ఇటే వస్తున్నాడు. చేతిలో తుపాకీ కూడా ఉంది."

"అది అట్టదేలేరా."

"నిన్న పడవకి నిప్పు పెట్టేముందు కూడా ఇదే మాటన్నావు. పరిగెత్తక్కా!"