కట్టు బిగించమన్నది నేనే

నా పేరు చింతకుంట వీరబ్రహ్మం, తండ్రి మౌనాచారి, వయసు 48 సంవత్సరాలు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు నడుపుతున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. మా ఏసయ్య చావుకు నంద్యాల డాక్టర్ షాలిని గారే కారణమని అతని తమ్ముడు ఫిర్యాదు చేశాడని తెలిసి, నేనే స్టేషన్‌కు వచ్చాను.

ఏసయ్యది రుద్రవరం, వయసు 39. పదకొండేళ్లుగా మా షెడ్డులో రాళ్లు ఎత్తుతున్నాడు. రెండేళ్ల కిందట కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. పడుకుంటే లోపలికి పోయేది, బరువెత్తితే బయటికొచ్చేది. మా పనిలో ఇది చాలామందికి వస్తుంది. దానికి నేను నల్లరాతి బిళ్ళ చెక్కి ఇస్తాను. గుడ్డలో చుట్టి, ఉబ్బు మీద పెట్టి, గోచీతో బిగిస్తారు. రాయి కట్టాడంటే పనిలో ముదిరినవాడని మాకు లెక్క. నాకూ ఒకటి ఉంది. ఏసయ్యకు ఇచ్చినది ఐదోది. దానికి విగ్రహానికి పెట్టినంత నునుపు పెట్టాను.

మార్చి 11, మంగళవారం ఉదయం 8:30కి నంది విగ్రహాన్ని లారీకి ఎక్కిస్తుండగా ఏసయ్య గజ్జ పట్టుకుని కూలబడ్డాడు. ఉబ్బు గట్టిపడింది. ఎంత తోసినా లోపలికి పోలేదు. 11 గంటలకు అతని భార్య సుజాత వచ్చింది. అప్పటికే రెండుసార్లు వాంతి అయింది.

"నంద్యాలకు పోదాం అన్నా. ఈయప్ప తట్టుకోలేకుండాడు" అంది.

"ఏం కాదు మా. రాయి జరిగింటాది. ఇంగా గట్టిగా బిగించు" అన్నాను.

ఆమె బిగించింది. నా మాట మీద బిగించింది. నేను లారీతో ఉయ్యాలవాడ పోయి, నందిని దించి, సాయంత్రం 5 గంటలకు వచ్చాను. ఏసయ్య కడుపు ఉబ్బి, మాట లేకుండా పడి ఉన్నాడు. కారు మాట్లాడి 6:15కి నంద్యాల ఆసుపత్రిలో చేర్చాం.

కట్టు డాక్టర్ గారే విప్పారు. చర్మం మీద బిళ్ళ అచ్చు గుండ్రంగా పడి ఉంది. ఆమె కోప్పడలేదు. కడుపు గోడలో సందు పడి, పేగు అందులోంచి బయటికి రావడమే హెర్నియా అని, పైన ఏం కట్టినా ఆ సందు పూడదని చెప్పారు. ముందే వస్తే పేగును లోపలికి పెట్టి, సందు మీద వల వేసి కుట్టేవాళ్లమని, ఇరుక్కున్న పేగుకు రక్తం అందక గంటల్లోనే కుళ్ళిపోతుందని చెప్పారు. 7 గంటలకు ఆపరేషన్ చేసి, నల్లబడిన మూరెడు పేగు తీసేశారు. అప్పటికే విషం ఒళ్ళంతా పాకింది. గురువారం మధ్యాహ్నం 2:40కి ఏసయ్య పోయాడు. డాక్టర్ గారు చేయాల్సిందంతా చేశారు.

ఇంతవరకూ రాసి ఎస్సై గారు చదివి వినిపించారు. కట్టు బిగించమని "తెలియక" చెప్పానని అందులో ఉంది. ఆ మాట కొట్టేయమన్నాను.

"అది ఉంటే నీకే మంచిదప్పా" అన్నారు.

నిరుడు ఆగస్టులో నా ఉబ్బును ఇదే డాక్టర్ గారికి చూపించుకున్నాను. ఇరుక్కుంటే ఒక్క గంట కూడా ఆగొద్దని అప్పుడే చెప్పారు. ఆపరేషన్‌కు భయపడి వెనక్కి వచ్చాను. భయపడ్డానని తెలిస్తే చులకనవుతానని షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. మంగళవారం 11 గంటలకు, సుజాత నా ముందు నిలబడి అడిగినప్పుడు, నాకు తెలుసు.

ఆ మాట కొట్టేశాక మళ్ళీ చదివించుకుని విన్నాను. ఇందులో ఉన్నదంతా నిజం, నా నోటితో చెప్పింది. ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) చింతకుంట వీరబ్రహ్మం
నంద్యాల, 18 మార్చి 2025