ఒకటి పాయింట్ ఆరు అయిదు

ప్రాక్టికల్ పరీక్ష ముగిసిన ఫిజిక్స్ ల్యాబులో ఇద్దరే మిగిలారు: ఎదురు చెబితే సహించని హెడ్డు, ఒకప్పుడు ఆయన శిష్యురాలూ ఇప్పుడు ఆయన కింద డెమాన్‌స్ట్రేటరూ అయిన ఆవిడ. మధ్యన బల్ల మీద మార్కుల జాబితా.

“నేను పెట్టను సార్ సంతకం.”

“పెట్టవా? ఒక్క పిల్ల ఫెయిలయితే నీ సొమ్మేం పోయింది?”

“రెండోసారి రాస్తోంది సార్ ఆ పిల్ల. ఇప్పుడూ పోతే ఇక డిగ్రీ లేదు.”

“అయితే సరిగ్గా చేసి ఏడవాల్సింది! నైట్రోజన్‌కి విశిష్టోష్ణాల నిష్పత్తి ఒకటి పాయింట్ నాలుగు. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఈవిడగారికి ఒకటి పాయింట్ ఆరు అయిదు వచ్చిందట!”

“మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అటూ ఇటూగా అంతే. నేను చూస్తూనే ఉన్నా.”

“మరి మిగతా ముప్ఫై ఒక్కమందికీ సరిగ్గా ఎలా వచ్చింది?”

“రాలేదు సార్, రాసుకున్నారు. నిజంగా చేసినట్టు కనబడాలని ఒకరిద్దరు ఒకటి పాయింట్ మూడు తొమ్మిది అని రాశారు. ఆ పేపర్లు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.”

“నోరు, నోరు! కాపీ అనడానికి రుజువేంటి?”

“అటెండరు చెప్పాడు.”

“వాడేం చెప్పాడు?”

“నిన్న సాయంత్రం నైట్రోజన్ అయిపోయిందట. పక్కనున్న ఆర్గాన్ సిలిండరు తగిలించాడట. ‘ఏదైతే ఏంటమ్మా, అన్నీ గాలేగా’ అన్నాడు.”

“ఆర్గానా?”

“ఆర్గానే. వెళ్లి చూసొచ్చా. ఇదే బల్ల దగ్గర మీరే చెప్పారు సార్ నాకు. నైట్రోజన్ అణువంటే రెండు పరమాణువుల జంట. మూడు దిక్కుల్లో పరుగెత్తుతుంది, రెండు రకాలుగా గిరగిరా తిరుగుతుంది. ఇచ్చిన వేడిని ఆ అయిదు పనులకీ పంచుకోవాలి. అయిదుకి రెండు కలిపి, ఆ ఏడుని అయిదుతో భాగిస్తే ఒకటి పాయింట్ నాలుగు. ఆర్గాన్ ఒంటరిది. పరుగే తప్ప తిరుగుడు లేదు. మూడే పనులు. ఇప్పుడు అయిదుని మూడుతో...”

“తెలుసు, తెలుసు. నాకే పాఠం చెప్పకు.”

“ఒకటి పాయింట్ ఆరు ఆరు! ఆ పిల్ల దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. నిజంగా గ్యాసు నింపిన సీసా మూత తీసి మూసి, పీడనం చూసి రాసింది తనొక్కతే.”

“మెల్లగా. తలుపు తీసుంది.”

“ఉండనివ్వండి.”

“ఇదిగో, విను. ఒక్కదాని కోసం ముప్ఫై ఒక్కమందిని ఫెయిల్ చేస్తామా? కాలేజీ పరువేం కావాలి? ఆ సిలిండరు మార్పించెయ్. మనం చూళ్లేదు, మనకి తెలీదు. సంతకం పెట్టు.”

“ఛీ!”

“ఎవర్ని? నన్నా?”

“మిమ్మల్నే.”

“కళ్లు నెత్తికెక్కాయా నీకు?”

“పరీక్షకి ముందు మనమే ప్రయోగం చేసి, వచ్చిన విలువ రాసి యూనివర్సిటీ కోసం కవర్లో పెట్టి సీల్ వెయ్యాలి కదా. పొద్దున మీరేం రాశారు సార్?”

“ఏటా రాసేదే.”

“ఒకటి పాయింట్ నాలుగు. ఆర్గాన్‌కి!”

“ఆ కవరు ఇలా ఇవ్వు.”

“నా దగ్గర లేదు.”

“ఇవ్వమన్నానా! వేరే కాగితం రాద్దాం. అయినా అందులో నా పక్కన నీ సంతకం లేదూ? నేను మునిగితే నువ్వు ఒడ్డున కూర్చుంటాననుకున్నావా?”

“అనుకోలేదు. ఆరేళ్లుగా పెడుతున్నా ఆ సంతకం, ఒక్కసారైనా సీసా మూత తియ్యకుండా. నన్ను చూసుకుంటే నాకే డోకొస్తోంది. అందుకే అరగంట క్రితం ఆ కవరు తీసుకెళ్లడానికొచ్చిన యూనివర్సిటీ మనిషి చేతిలో పెట్టేశా, పైన రాసి మరీ: ‘ఇందులో సంతకాలు పెట్టిన ఇద్దరమూ ప్రయోగం చెయ్యలేదు. చేసింది ఆ అమ్మాయి ఒక్కతే’ అని.”